పాత కారులో ఆరిపోయిన హెచ్చరిక దీపములు: పరీక్ష, మార్పిడి

గ్రామ పంచాయతీ ఆస్తి యనగా బావులు, బాటలు, వీధి దీపములు, పాఠశాల భవనములు మాత్రమే కాదు. పంచాయతీ సొమ్ముతో నడచు ప్రతి వాహనమును గ్రామస్థుల ఆస్తియే. తెలంగాణములో 2019వ సంవత్సరమున ప్రారంభమైన పల్లెప్రగతి కార్యక్రమము క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూర్పబడినవి. ఇవి గాక, సభ్యుల సొంత కార్లును, అద్దె కార్లును పంచాయతీ పనుల మీద మండల కేంద్రమునకును, జిల్లా కేంద్రమునకును తిరుగుచుండును. వీనిలో పాత బండ్లు కూడ కలవు. అంబాసిడరు కారు నిర్మాణము 2014లో నిలిచిపోయినది. మారుతి 800 నిర్మాణము కూడ ఆ యేడే ముగిసినది. అయినను ఈ రెండు రకముల బండ్లును మన రోడ్లపై అక్కడక్కడ నేటికిని కనిపించుచునే యున్నవి.

ఇట్టి పాత బండ్లలో తరచుగా కనిపించు లోపమొకటి కలదు. డ్రైవరు ఎదుట డ్యాష్‌బోర్డు మీద నుండు చిన్న దీపములు ఒకటొకటిగా కాలిపోవును. బండి మాత్రము నడచుచునే యుండును గనుక వానిని ఎవరును పట్టించుకొనరు. పైగా, "దీపము వెలుగుట లేదు గనుక బండిలో లోపము లేదు" అని తృప్తి పడుదురు. ఇది పొరపాటు. బల్బు కాలిపోయిన హెచ్చరిక దీపము ఇంజనులో ఆయిలు ఉన్నను, లేకున్నను ఒకే రీతిగా నల్లగా నుండును. కావలివాడు లేని చేను దూరమునకు ప్రశాంతముగానే కనిపించును. కొలది రూపాయల బల్బును మార్చక పోవుటచేత వేలకొలది రూపాయల ఇంజను పాడగుట ఇట్లే జరుగుచుండును. కావున ఈ దీపములు ఏమి తెలుపును, అవి పని చేయుచున్నవో లేదో ఎట్లు తెలిసికొనవలెను, కాలిపోయిన బల్బును ఎట్లు మార్చవలెను అను మూడు విషయములను ఈ పాఠములో వివరించుచున్నాము.

ఏ దీపము ఏమి తెలుపును?

దీపముల సంఖ్యయు, రంగులును బండి బండికి మారుచుండును. కాని పాత కార్లలో సాధారణముగా ఈ క్రింది దీపములుండును.

మొదటిది ఆయిలు దీపము. దీనిపై ముక్కుగల నూనె డబ్బా బొమ్మ యుండును. ఇంజనులో తిరుగు భాగములు ఒకదానితో నొకటి ఒరసికొనకుండ వాని నడుమ పలుచని నూనె పొర నిలిచియుండవలెను. ఆ నూనెను పంపు ఒత్తిడితో పంపుచుండును. ఇంజను ప్రక్కన ఒక చిన్న స్విచ్చి యుండును. ఒత్తిడి లేనప్పుడు ఆ స్విచ్చి మూసికొని దీపమును వెలిగించును. ఒత్తిడి రాగానే తెరచుకొని దీపమును ఆర్పివేయును. బండి నడచుచుండగా ఈ దీపము వెలిగినచో తక్షణమే ఇంజనును ఆపివేయవలెను. "ఊరు దగ్గరనే యున్నది, చేరుకొందము" అని నడిపినచో కొలది నిమిషములలోనే బేరింగులు కరగి ఇంజను పట్టివేయవచ్చును.

ఇక్కడ ఒక విషయము గుర్తుంచుకొనవలెను. ఈ దీపము తెలుపునది ఒత్తిడి గాని, నూనె పరిమాణము కాదు. నూనె చాల తగ్గి, పంపునకు అందనప్పుడు గాని దీపము వెలుగదు. కావున దీపము ఎంత బాగుగా పనిచేసినను, కొలకర్రను పైకి తీసి నూనె మట్టమును చూచుట మానరాదు.

రెండవది చార్జింగు దీపము. దీనిపై బ్యాటరీ బొమ్మ యుండును. ఇంజను నడచుచుండగా ఇది వెలిగినచో బ్యాటరీకి విద్యుత్తు చేరుట లేదని అర్థము. ఫ్యాను బెల్టు తెగిపోయినచో గూడ ఇది వెలుగును. అనేక పాత కార్లలో ఇంజనును చల్లపరచు నీటిని త్రిప్పు పంపు గూడ ఆ బెల్టుతోనే తిరుగును. అందుచేత ఈ దీపమును నిర్లక్ష్యము చేసినచో బ్యాటరీ అయిపోవుటయే గాక ఇంజను విపరీతముగా వేడెక్కును.

మూడవది బ్రేకు దీపము. చేతి బ్రేకు వేసి యున్నప్పుడు ఇది వెలుగును. కొన్ని బండ్లలో బ్రేకు ద్రవము తగ్గినప్పుడు కూడ ఇదే దీపము వెలుగును. ఇవి గాక, హెడ్‌లైట్ల పొడవు వెలుతురునకు నీలపు దీపమును, మలుపు సూచికలకు ఆకుపచ్చని దీపమును ఉండును. మలుపు దీపపు మెరుపు వేగము మారినను, ఆగిపోయినను బండి వెలుపలి సూచిక బల్బులలో ఒకటి కాలిపోయి యుండవచ్చును.

తాళపు చెవితో పరీక్ష

దీపములు పని చేయుచున్నవో లేదో తెలిసికొనుటకు పరికరములేవియు అక్కరలేదు. తాళపు చెవిని త్రిప్పి, ఇంజనును స్టార్టు చేయక ముందు ఒక క్షణము ఆగవలెను. ఆ స్థితిలో ఇంజను తిరుగుట లేదు, నూనెకు ఒత్తిడి లేదు, చార్జింగు లేదు. కావున ఆయిలు దీపమును, చార్జింగు దీపమును తప్పక వెలుగవలెను. చేతి బ్రేకు లాగినచో బ్రేకు దీపము వెలుగవలెను. తరువాత ఇంజనును స్టార్టు చేసినపుడు మొదటి రెండు దీపములును కొలది క్షణములలో ఆరిపోవలెను. చేతి బ్రేకు దించగానే మూడవది ఆరవలెను. నీలపు దీపమును, మలుపు దీపమును వాని స్విచ్చులను వేసి చూడవలెను.

వెలుగవలసినపుడు వెలుగుటయు, ఆరవలసినపుడు ఆరుటయు, ఈ రెండును జరిగిననే దీపము సరిగా నున్నదని నమ్మవలెను. చెవి త్రిప్పినపుడు వెలుగని దీపము కూడ ఒక హెచ్చరికయే. డ్రైవర్లు తొందరలో చెవిని ఒక్కసారిగా చివరిదాక త్రిప్పి ఇంజనును స్టార్టు చేయుచుందురు. ఆ అలవాటు వలన దీపము కాలిపోయిన సంగతి నెలల తరబడి తెలియకుండ పోవును. పంచాయతీ ట్రాక్టరుకు కూడ ఈ పరీక్ష వర్తించును. దానికిని ఆయిలు దీపమో ఆయిలు మీటరో, చార్జింగు సూచికయో ఉండును.

చార్జింగు దీపము యొక్క ప్రత్యేకత

తక్కిన దీపములు కాలిపోయినచో హెచ్చరిక మాత్రమే పోవును. చార్జింగు దీపము సంగతి వేరు. దీని విషయము చాలమందికి తెలియదు గనుక కొంత వివరముగా వ్రాయుచున్నాము.

పూర్వపు కార్లలో విద్యుత్తును పుట్టించు యంత్రము డైనమో. డైనమోలోని ఇనుములో కొంత అయస్కాంత శక్తి ఎల్లప్పుడును మిగిలి యుండును. కావున చార్జింగు దీపము కాలిపోయినను డైనమో తన పని తాను చేయును. తరువాతి కార్లలో డైనమోకు బదులు ఆల్టర్నేటరు వచ్చినది. అనేకములైన ఆల్టర్నేటర్లకు పని ప్రారంభించుటకై మొదట కొంచెము విద్యుత్తు బయటినుండి అందవలెను. ఆ విద్యుత్తు బ్యాటరీనుండి చార్జింగు దీపపు బల్బు ద్వారానే పోవును. బల్బు కాలిపోయినచో ఆ దారి తెగిపోవును. అప్పుడు ఇంజనును గట్టిగా త్రొక్కిన గాని ఆల్టర్నేటరు మేల్కొనక పోవచ్చును. కొన్ని బండ్లలో అసలే చార్జింగు జరుగక పోవచ్చును. బండి యజమాని బ్యాటరీ చెడిపోయినదని క్రొత్త బ్యాటరీ కొనును. అదియు కొలది దినములలో అయిపోవును. దోషము బ్యాటరీలో లేదు. డ్యాష్‌బోర్డు వెనుక నున్న చిన్న బల్బులో నున్నది. కావున బ్యాటరీ మాటిమాటికి అయిపోవుచున్న పాత కారులో క్రొత్త బ్యాటరీకి సొమ్ము మంజూరు చేయుటకు ముందు ఈ దీపమును పరీక్షింపుడు.

దోషము బల్బులోనా, మరియొక చోటనా?

దీపము వెలుగనంత మాత్రమున డ్యాష్‌బోర్డును ఊడదీయరాదు. అనేక దీపములు ఒక్కసారిగా ఆరిపోయినచో అన్ని బల్బులు ఒకే దినమున కాలిపోవుట అరుదు. మొదట ఫ్యూజును చూడవలెను. ఒక్క దీపము మాత్రమే వెలుగనిచో బల్బు, దాని హోల్డరు, తీగ, స్విచ్చి అను నాలుగింటిలో ఏదో ఒకటి కారణమై యుండును.

ఆయిలు దీపమునకు సులభమైన పరీక్ష యొకటి కలదు. ఇంజనును ఆపి యుంచి, ఆయిలు స్విచ్చిపై నున్న తీగను ఊడదీసి, తాళపు చెవిని త్రిప్పి, ఆ తీగ కొనను ఇంజను లోహమునకు తాకింపవలెను. దీపము వెలిగినచో బల్బును, తీగయు బాగుగా నున్నవి, స్విచ్చి చెడినది. వెలుగనిచో బల్బును, హోల్డరును, తీగను చూడవలెను. దీపమునకు గాక ముల్లు గల మీటరునకు సంబంధించిన తీగతో ఈ పరీక్ష చేయరాదు. ఆల్టర్నేటరు వద్ద కూడ ఇట్టి పరీక్షను మెకానిక్కు చేతనే చేయింపవలెను. అచ్చట బ్యాటరీకి నేరుగా చేరు లావు తీగ యుండును. అది లోహమునకు తగిలినచో పెద్ద నిప్పురవ్వలు లేచి ప్రమాదము కలుగును.

బల్బును మార్చు విధము

1. మొదట తాళపు చెవిని తీసివేసి, బ్యాటరీనుండి బండి శరీరమునకు చేరు తీగను ఊడదీయవలెను. చాల కార్లలో ఇది బ్యాటరీ ఋణాగ్రమునకు కలుపబడి యుండును. 1950 ప్రాంతపు కొన్ని ఆంగ్ల నమూనా కార్లలో మాత్రము ధనాగ్రము బండి శరీరమునకు కలుపబడి యుండును. కావున చూచి ఊడదీయవలెను. డ్యాష్‌బోర్డు వెనుక తీగలు గుంపుగా నుండును. విద్యుత్తు ఉండగా స్క్రూడ్రైవరు వానికి తగిలినచో తీగలు కాలిపోవును.

2. చాల పాత కార్లలో బల్బు హోల్డర్లు మీటరు వెనుక నొక్కి పెట్టబడి యుండును. డ్యాష్‌బోర్డు క్రిందినుండి చేయి పెట్టి హోల్డరునే పట్టుకొని వెనుకకు లాగినచో ఊడివచ్చును. తీగను పట్టి లాగరాదు.

3. తరువాతి కార్లలో మీటర్ల పెట్టెను ముందుకు తీయవలసి యుండును. చుట్టునున్న స్క్రూలను తీసి, ఏది ఎచ్చటిదో కాగితముపై గుర్తు పెట్టుకొనవలెను. స్పీడోమీటరు వెనుక గేరు పెట్టెనుండి వచ్చు కేబులు తగిలియుండును. దాని మరనో, క్లిప్పునో వదులు చేసిన పిమ్మటనే పెట్టెను లాగవలెను. బలవంతముగా లాగినచో కేబులు తెగును.

4. ఇట్టి పెట్టెల వెనుక తీగలకు బదులు పలుచని ప్లాస్టికు రేకుపై రాగి గీతలుండును. హోల్డరును పావు వంతు త్రిప్పినచో ఊడివచ్చును. రాగి గీతలు చిరిగినచో అతుకుట కష్టము గనుక గోళ్లతోను, స్క్రూడ్రైవరుతోను గీకరాదు.

5. బల్బును తీసి వెలుతురునకు పట్టి చూడవలెను. లోపలి తీగ తెగి యున్నను, గాజు నల్లబడి యున్నను బల్బు కాలినదే. తీగ సరిగా నున్నచో హోల్డరు తుప్పు పట్టి యుండవచ్చును. హోల్డరు లోహమును మెత్తని గరుకు కాగితముతో తేలికగా శుభ్రము చేయవలెను.

6. క్రొత్త బల్బును అమర్చి, పెట్టెను పూర్తిగా బిగింపక ముందే బ్యాటరీ తీగను తాత్కాలికముగా కలిపి తాళపు చెవి పరీక్ష చేయవలెను. అన్నియు వెలిగిన తరువాత తీగను మరల ఊడదీసి, పెట్టెను బిగించి, చివరకు బ్యాటరీని కలుపవలెను. ఇంజనును నడిపి దీపములు ఆరుచున్నవో, స్పీడోమీటరు తిరుగుచున్నదో చూడవలెను.

ఒకే వయస్సు గల బల్బులు ఒకదాని వెనుక నొకటి కాలుచుండును. పెట్టెను ఒకసారి తీసినపుడు అన్ని బల్బులను మార్చుట మేలు. గాలి సంచులు గల క్రొత్త కార్లలో మాత్రము ఈ పనిని శిక్షణ పొందిన మెకానిక్కు చేతనే చేయింపవలెను.

సరియైన బల్బు ఏది?

బల్బు అడుగున గాని, ప్రక్కన గాని వోల్టులును, వాట్లును ముద్రింపబడి యుండును. పాత బల్బును అంగడికి తీసికొనిపోయి సరిగా అట్టిదానినే కొనవలెను. మరలు గలది, ప్రక్కన చిన్న మొనలుండి నొక్కి త్రిప్పునది, లోహపు అడుగు లేని గాజు బల్బు అని ఇవి ముఖ్యముగా మూడు విధములు. పాత ఆంగ్ల నమూనా కార్లలో 12 వోల్టుల, 2.2 వాట్ల మర బల్బు వాడుకలో నుండెడిది. ఇది సుమారు 0.18 ఆంపియరు విద్యుత్తును తీసికొనును. వెలుతురు బాగుగా నుండునని 1.2 వాట్ల చోట 5 వాట్ల బల్బును పెట్టరాదు. నాలుగు రెట్లకు మించిన వేడికి హోల్డరును, రంగు అద్దమును కరగిపోవును. దీపపు రంగు సాధారణముగా అద్దమునదే గాని బల్బుది కాదు.

నేడు ఎల్.ఇ.డి. బల్బులు అంగళ్లలో విరివిగా దొరకుచున్నవి. అవి చిరకాలము మన్నును. మీటరు వెలుతురునకు వానిని వాడవచ్చును. కాని రెండు చోట్ల జాగ్రత్త వలయును. చార్జింగు దీపము చోట సాధారణ ఎల్.ఇ.డి. పెట్టినచో దాని ద్వారా పోవు విద్యుత్తు చాల తక్కువ. ఆల్టర్నేటరు మేల్కొనక పోవచ్చును. రెండవది, కుడి ఎడమలకు కలిపి ఒకే మలుపు దీపమున్న కొన్ని బండ్లలో విద్యుత్తు ఇరు దిక్కులనుండియు వచ్చును. ఎల్.ఇ.డి. ఒక దిక్కునుండి వచ్చు విద్యుత్తుకే వెలుగును. కావున ఈ రెండు చోట్లను మామూలు బల్బునే వాడుట మంచిది. మరియొక చోట ఎల్.ఇ.డి. వెలుగనిచో దానిని త్రిప్పి పెట్టి చూడవలెను.

క్రొత్త బల్బులు కూడ మాటిమాటికి కాలిపోవుచున్నచో దోషము చార్జింగులో నుండవచ్చును. ఇంజను నడచుచుండగా బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులుండుట సహజము. 15 వోల్టులు దాటినచో రెగ్యులేటరును చూపింపవలెను. వోల్టులు నూటికి 5 వంతులు పెరిగినను బల్బు ఆయుస్సు దాదాపు సగమగును.

పాత బండిని కొనునపుడు

పాత వాహనములను అమ్మువారిలో కొందరు లోపమును సరిచేయుటకు బదులు, దానిని తెలుపు దీపపు బల్బునే తీసివేయుదురు. మరికొందరు దీపముపై నల్లని టేపు అంటింతురు. ఇంకను నేర్పు గలవారు ఆయిలు దీపపు తీగను చార్జింగు దీపమునకు కలిపి, రెండును కలిసి వెలిగి కలిసి ఆరునట్లు చేయుదురు. సంఘము తరఫున గాని, సొంతమునకు గాని పాత బండిని చూడబోయినపుడు ఇంజను చల్లగా నుండగానే తాళపు చెవి పరీక్ష చేయుడు. బోనెట్టును ఎత్తించి ఆయిలు స్విచ్చి తీగను ఊడదీయించి, ఇంజను ఆగి యుండగా చెవిని త్రిప్పింపుడు. ఆయిలు దీపము ఆరియుండి, చార్జింగు దీపము మాత్రమే వెలుగవలెను. తీగ ఊడియున్నను ఆయిలు దీపము వెలుగుచున్నచో తీగలలో ఏదో మార్పు జరిగినదని గ్రహింపవలెను.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

వాహనపు లాగ్ పుస్తకము పంచాయతీ సమావేశమునకు వచ్చినపుడు కిలోమీటర్లను, డీజిలు లీటర్లను చూచుట పరిపాటి. వానితోపాటు ఈ ప్రశ్నలను గూడ అడుగవచ్చును.

1. ఈ వారము తాళపు చెవి పరీక్ష చేయబడినదా? ఏ దీపమైనను వెలుగలేదా?

2. వెలుగని దీపమును ఏ తేదీన బాగుచేసిరి? ఏ వాట్ల బల్బు వేసిరి?

3. ఆయిలు మట్టమును కొలకర్రతో ఏ దినమున చూచిరి?

4. బండిలో రెండు అదనపు బల్బులును, ఫ్యూజులును ఉన్నవా?

5. బ్యాటరీని మార్చవలెనని కోరినచో, అంతకు ముందు చార్జింగు దీపమును, బెల్టును చూచిరా?

లాగ్ పుస్తకములో "దీపములు" అని ఒక గడి గీయించి, వారమున కొకసారి డ్రైవరు చేత అందు సంతకము చేయించినచో చాలును. గడి ఖాళీగా కనిపించిన దినమున సర్పంచి గాని, సభ్యులలో నొకరు గాని స్వయముగా బండి యెక్కి చెవిని త్రిప్పి చూడవలెను. ఆ పనికి పట్టు కాలము అర నిమిషము మాత్రమే.